బేరిపండు కుట్టిన దుప్పటి

ఆగస్టు 19, సోమవారం

ఈ పుస్తకం థియేటర్‌లో కొలతలు రాసుకోవడానికి కొన్నది. మొదటి పేజీలో ఎప్పటిదో నాటకంలో సేనాపతి నడుము చుట్టుకొలత ఉంది. మిగతాదంతా ఖాళీ. మనసులో మాట ఎవరితో అన్నా వెంటనే సలహా ఇస్తారు. ఈ పుస్తకం ఇవ్వదు.

సెప్టెంబర్ 16న నేను మళ్ళీ కుట్టుపనిలో చేరాలి. మా పాప బొరోకాకి అప్పటికి ఇరవై రెండు నెలలు. మా కాస్ట్యూమ్ గది పెద్ద తేక్లా ఫోన్‌లో తేల్చి చెప్పేసింది: "ఎమోకె, నీ కుర్చీ రెండేళ్ళు ఖాళీగా ఉంచా. ఇంకొక్క వారం కూడా నా వల్ల కాదు. ముందే చెప్తున్నా, తర్వాత ఏడవకు." అత్తగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక పిల్లను ఎత్తుకోవడం కుదరడం లేదు. మా ఆయన జోంబోర్‌కి మాంసం పొగబెట్టే సలామీ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. కాబట్టి క్రెష్ తప్పదు.

ఈ రోజు మునిసిపాలిటీ క్రెష్ చూసొచ్చాను. మాకు అక్కడ చోటు వచ్చిందని ఉత్తరం వచ్చింది, ముప్పయ్యో తేదీలోగా అవునో కాదో చెప్పాలి. గోడలకు నా చిన్నప్పటి ఆకుపచ్చ రంగే ఉంది. ఉడికిన గుమ్మడికాయ వాసన. తలుపు దగ్గర ఒక పిల్లాడు తల్లి మెడ పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఎతెల్క అని యాభై దాటిన ఆవిడ, ఆ గదికి పెద్ద, వాడి పక్కన నేలమీద కూర్చుంది. ఎత్తుకోలేదు, బుజ్జగించలేదు. "ఏడవనివ్వండి, వాడికి బాధగా ఉంది కదా" అంది తల్లితో. నాకు ఒళ్ళు మండింది.

ఇంకొకటి. చదవడం రాని పిల్లలు కదా, ఒక్కొక్కరికి పేరుకి బదులు ఒక బొమ్మ గుర్తుగా ఇస్తారు. ఖాళీగా ఉన్న గుర్తు ఒక్కటే, బకెట్టు. కొక్కేనికి, తువ్వాలుకి, మంచానికి, దుప్పటికి, అన్నిటికీ బకెట్టు. నా గుర్తు చీపురు. మూడేళ్ళప్పుడు ఇచ్చారు. నా పక్క మంచం పిల్లది చెర్రీ. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఆ చెర్రీ నన్ను బజారులో చూస్తే "ఏమే చీపురూ!" అని అరుస్తుంది. నా కూతురికి బకెట్టు వద్దు.

ఇది కారణం కాదు. ఊరికే రాశాను.

ఆగస్టు 22, గురువారం

ఎతెల్క ఇంటికి వచ్చింది. చేర్చుకునే ముందు ఒకసారి ఇంటికొచ్చి చూడటం వాళ్ళ పద్ధతి. గంటసేపు కూర్చుంది, నేను చేసిన ప్లం కేకు ముక్క సగం తిని, ప్రశ్నలు మొదలుపెట్టింది. నీళ్ళు కావాలంటే ఏమంటుంది? నిద్ర వచ్చినప్పుడు చెవి పట్టుకుంటుందా, జుట్టా? కోపం వస్తే విసిరేస్తుందా, కొరుకుతుందా? దేనికి భయం? ఎవరి దగ్గర ఊరుకుంటుంది? అన్నీ రాసుకుంది.

"పోలీసు స్టేషన్‌లో కూడా ఇన్ని అడగరండీ" అన్నాను నవ్వుతూ.

"అక్కడ నేరం చేసినవాడి గురించి అడుగుతారు. ఇక్కడ మాట రాని పిల్ల గురించి" అంది. నవ్వలేదు.

అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుందట. మొదటి రోజుల్లో నేను కూడా గదిలోనే కూర్చోవాలట. పదహారున నాకు ఉద్యోగం ఉందన్నాను. "అయితే రెండో తేదీన మొదలుపెడదాం, సరిపోతుంది" అంది. ఆ రెండు వారాల్లో బాలాటన్ సరస్సు దగ్గర మాకు గది బుక్ అయి ఉంది. ఆ మాట ఆవిడతో అనలేదు. చూద్దాంలెండి అన్నాను.

ఆగస్టు 26, సోమవారం

కింగా అనే ఆవిడ తన ఇంట్లోనే నడిపే క్రెష్ చూశాను! మూడో అంతస్తు, పెద్ద కిటికీలు, తెల్ల చెక్క, నార కర్టెన్లు, దాల్చినచెక్క వాసన. ఆరుగురే పిల్లలు. కింగా వయసు నా అంతే ఉంటుంది. వెళ్ళగానే కాఫీ ఇచ్చింది. ముందు గదిలో ఆరు చిన్న మంచాలు వరసగా ఉన్నాయి, ఖాళీగా ఉన్న చివరిదానికి తప్ప ఒక్కో దాని మీద ఒక్కో గుర్తు. దుప్పట్లు ఎంత నీటుగా పరిచి ఉన్నాయంటే మా స్టేజి మీద కూడా అలా పరవరు.

"గుర్తు మీ ఇష్టం, మీరే ఎంచుకోండి" అంది. బేరిపండు ఎంచుకున్నాను.

బొరోకా గురించి ఏమీ అడగలేదు. "మొహం చూస్తేనే తెలుస్తోంది, బంగారు తల్లి" అంది. అలవాటుకి మూడు రోజులు చాలట. "పెద్దవాళ్ళు గదిలో కూర్చుంటే పిల్లలు ఇంకా ఏడుస్తారండీ. గుమ్మం దగ్గర ముద్దుపెట్టి వెళ్ళిపోవాలి, అంతే." మధ్యలో ఎవరూ రాకూడదు, మూడున్నర తర్వాతే రావాలి. మధ్యలో వస్తే పిల్లలు కలతపడతారట. నిజమే కదా.

వెనక ఇంకో గది ఉంది, తలుపు వేసి ఉంది. సామాన్ల గది అంది. పిల్లల్ని తోసుకొచ్చే స్ట్రోలర్లు మెట్ల కింద పెడితే పోతున్నాయని అందులో పెట్టిస్తుందట. అదీ జాగ్రత్తే.

ఆగస్టు 29, గురువారం

అత్తగారికి చెప్పాను. ఆవిడ, పిరోష్కా, ముప్పై ఏళ్ళు ఈ సెగెద్ ఊళ్ళో ట్రామ్ నడిపిన మనిషి, మెల్లగా మాట్లాడటం రాదు.

"ఆ ఎతెల్క ఎన్ని ప్రశ్నలడిగిందో నువ్వే చెప్పావ్ కదే ఎమీ. ఈవిడ ఏం అడిగింది?"

"అడగక్కర్లేకుండానే అర్థం చేసుకుంది, అత్తమ్మా."

"పిల్ల నీళ్ళని 'ఊ' అంటుందని ఎలా అర్థం చేసుకుందట? నేను ట్రామ్ ఎక్కగానే ముందు బ్రేకు చూసేదాన్ని. సీటు గుడ్డ రంగు చూసేదాన్ని కాదు."

"ట్రామ్ వేరు, పిల్ల వేరు."

"అందుకే చెప్తున్నా."

జోంబోర్ మధ్యలోకి రాలేదు. అడిగితే "నువ్వే చూశావు కదా రెండూ, నీకే తెలుసు" అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత సుఖంగా ఉంటుందో!

మునిసిపాలిటీకి వద్దని రాసి పంపేశాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

బాలాటన్ నుంచి వచ్చాం. బొరోకా ముక్కు ఎండకి కాలింది. రెండు దుప్పట్లు, నాలుగు తువ్వాళ్ళు, ఒక బట్టల సంచి. అన్నిటి మీద బేరిపండు కుట్టాను. పసుపు దారంలో పొట్ట దగ్గర చిన్న ఎరుపు ఛాయ, కాడ ముదురు గోధుమ, ఒక ఆకు. ఇంత బాగా ఏ రాణిగారి గౌనుకీ కుట్టలేదు నేను. బొరోకా దాని మీద వేలు పెట్టి "అమ్" అంది, తినేస్తానని.

సెప్టెంబర్ 13, శుక్రవారం

మూడు రోజులు అయ్యాయి. మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు ఇంకా ఎక్కువ. ఈ రోజు అసలు ఏడవలేదు, గుమ్మం దగ్గర చేయి వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. కింగా "చూశారా" అంది గర్వంగా. కబుర్లు రాసే నోటుపుస్తకంలో: బాగా తిన్నది, రెండు గంటలు నిద్ర.

అలవాటైపోయింది. ఇంత తొందరగా.

సెప్టెంబర్ 16, సోమవారం

నా కుర్చీ, నా కత్తెర, నా మిషను. తేక్లా "లావెక్కావ్" అంది. సంతోషంతో నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సెప్టెంబర్ 20, శుక్రవారం

నోటుపుస్తకం: బాగా తిన్నది, రెండు గంటలు నిద్ర.

సెప్టెంబర్ 24, మంగళవారం

బొరోకాకి కొత్త ఆట వచ్చింది. బొమ్మను దాని చిన్న స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, గోడ వైపు తిప్పి పెడుతుంది. బొమ్మ కళ్ళ మీద చేయి పెడుతుంది. తర్వాత వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ చేయి పెడుతుంది. బెల్టు ఎంత జాగ్రత్తగా పెడుతోందో, అంతా కింగా దగ్గర నేర్చుకుంది. వీడియో తీసి జోంబోర్‌కి పంపాను.

అత్తగారు చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 27, శుక్రవారం

రెండు వారాలకోసారి దుప్పటి ఉతకడానికి ఇంటికి పంపుతారు. ఈ రోజు వచ్చింది.

పన్నెండేళ్ళుగా నేను బట్టలే చూస్తున్నాను. నటుడు ఏ సీన్‌లో మోకాళ్ళ మీద కూర్చున్నాడో పంట్లాం చూసి చెప్పగలను. ఏ చంకకి చెమట పడుతుందో, ఎవరు ఏ చేత్తో లంగా ఎత్తి పట్టుకుంటారో గుడ్డే చెబుతుంది.

దుప్పటి మీద అత్తగారు ఇస్త్రీ చేసిన మడతలు అలాగే ఉన్నాయి. నిలువు ఒకటి, అడ్డం రెండు. మా బీరువాలోని లావెండర్ వాసన కూడా ఉంది.

కింగా ఉతికి మళ్ళీ ఇస్త్రీ చేసి ఉంటుంది. ఎంత శ్రద్ధ!

సెప్టెంబర్ 28, శనివారం

ఉతికేశాను.

సెప్టెంబర్ 29, ఆదివారం

అత్తగారిని ఇస్త్రీ చేయనివ్వలేదు, నేనే చేశాను. ఎందుకో ఈసారి గంజి కాస్త ఎక్కువ పెట్టాను. దుప్పటి అట్టలా నిలబడింది. "పిల్ల పడుకునే దుప్పటా, చర్చి ఫాదర్ అంగీనా?" అన్నారు అత్తగారు. ఆవిడ నా మొహం చూశారు, తర్వాత దుప్పటి చూశారు.

అక్టోబర్ 3, గురువారం

సాయంత్రం బొరోకాని తీసుకెళ్ళడానికి వెళ్ళినప్పుడు అడిగాను, చాలా తేలిగ్గా, నవ్వుతూ. "మా పాప నిద్రలో బాగా దొర్లుతుంది కదండీ?"

"అబ్బే, మీ పాప అసలు కదలదు. పెట్టిన చోటే ఉంటుంది" అంది కింగా. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. "మీరు చాలా అదృష్టవంతులు."

ఇంట్లో బొరోకా మా మంచం మీద తల ఒక మూల, కాళ్ళు ఒక మూల పెడుతుంది. తెల్లారేసరికి జోంబోర్ ముఖం మీద పాదం ఉంటుంది. ఉంటారు, ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉండే పిల్లలు. నేనూ అంతే.

అక్టోబర్ 7, సోమవారం

భోజనం కుర్చీలో కూర్చోనంటోంది. బెల్టు చప్పుడు వినగానే కట్టెలా బిగుసుకుపోయింది. ఏడవలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని గసగసాల నూడుల్స్ పెట్టాను. పళ్ళు వస్తున్నాయేమో.

అక్టోబర్ 11, శుక్రవారం

దుప్పటి వచ్చింది. గంజి విరగలేదు.

అక్టోబర్ 12, శనివారం

ఒకటి, వేరే దుప్పటి వేసి ఉండొచ్చు. రెండు, దుప్పటి పైన ఇంకేదో పరిచి పడుకోబెడుతున్నారేమో. మూడు,

మూడోది లేదు.

కొత్త నాటకం మొదటి ప్రదర్శన డిసెంబర్ 6న. కుట్టాల్సిన కోట్లు ఇరవై మూడు, గౌన్లు పధ్నాలుగు. ఇప్పుడు సెలవడిగితే తేక్లా నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడుతుంది. పైగా ఏమని అడుగుతాను? దుప్పటి నలగలేదని?

జోంబోర్‌కి చెబుదామనుకున్నాను. "నువ్వే చూశావు కదా" అంటాడు. అంటే నేను తట్టుకోలేను.

అక్టోబర్ 15, మంగళవారం

నోటుపుస్తకం: బాగా తిన్నది, రెండు గంటలు నిద్ర. సెప్టెంబర్ నుంచి అన్ని పేజీలూ తిరగేశాను. ఒక్క రోజు కూడా గంటా యాభై నిమిషాలు లేదు.

అక్టోబర్ 17, గురువారం

మధ్యాహ్నం పన్నెండున్నరకి సేనాపతి కోటుకి గుండీలు కుడుతున్నాను. వేలికి సూది గుచ్చుకుంది. మూడోసారి. తేక్లా వచ్చి నా చేతిలోంచి కోటు లాక్కుంది. "నెత్తురు అంటిస్తున్నావ్. ఎక్కడుంది నీ బుర్ర?" అంది.

"నా కూతురు ఎక్కడ పడుకుంటుందో నాకు తెలీదు" అన్నాను. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా రాయని మాట నోట్లోంచి వచ్చేసింది.

"అయితే ఇక్కడేం చేస్తున్నావ్?" అంది తేక్లా.

పరుగెత్తాను. ఒంటిగంటకి కింద బెల్ కొట్టాను. పలకలేదు. ఎవరో బయటికి వస్తుంటే తలుపు పట్టుకుని లోపలికి వెళ్ళాను. మూడో అంతస్తులో తలుపుకి చెవి ఆనించి విన్నాను. ఆరుగురు పిల్లలున్న ఇల్లు. చిన్న దగ్గు కూడా లేదు. తలుపు కొట్టాను. ఐదు నిమిషాలకి కింగా కొంచెం తెరిచింది.

"పడుకున్నారండీ. మూడున్నరకి—"

నేను తోసుకుని లోపలికి వెళ్ళాను. ముందు గదిలో ఆరు మంచాలు, ఆరు దుప్పట్లు, అన్నీ నీటుగా ఉన్నాయి. బేరిపండు మెరుస్తోంది. ఒక్క మంచం మీదా పిల్లలు లేరు.

వెనక గది తలుపు తీశాను. నల్ల గుడ్డ కట్టిన కిటికీ. ఆరు స్ట్రోలర్లు గోడ వైపు తిప్పి ఉన్నాయి. బెల్టులు బిగించి, పైన పలచటి గుడ్డలు కప్పి ఉన్నాయి. మాది మూడోది. గుడ్డ తీశాను. బొరోకా కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసింది. ఏడవలేదు. చేతులు చాచలేదు. అమ్మ వస్తే చేతులు చాచాలన్నది కూడా మర్చిపోయినట్టు చూస్తూ ఉంది. తర్వాత మెల్లగా తనే కళ్ళు మూసుకుంది.

ఇంట్లో ఆటలో బొరోకా బొమ్మ కళ్ళ మీద పెడుతున్నది ఎవరి చేయో నాకు అప్పుడు అర్థమైంది. కాదు, అబద్ధం. అప్పుడు కాదు, అంతకు ముందే.

బెల్టు విప్పడం మొదలుపెట్టాను. కింగా వెనకే నిలబడి గుసగుసగా మాట్లాడుతోంది. "నాకు సాయంగా ఉండే అమ్మాయి ఆగస్టు చివర్లో మానేసింది ఎమోకె. ఎవరూ దొరకలేదు. ఒక్కదాన్నే ఆరుగురిని. ఒకడు కిటికీ ఎక్కాడు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో! వాళ్ళు క్షేమంగా ఉండాలనే కట్టాను. ఒక్కరిని ఒక్క దెబ్బ కొట్టలేదు. ఒట్టు. ఒక్క దెబ్బ కూడా."

"రోజుకి ఎంతసేపు?"

కింద పడ్డ గుడ్డ తీసి మడతపెట్టింది.

"కింగా, ఎంతసేపు?"

"పన్నెండు నుంచి మూడు దాకా. ఒక్కోసారి పొద్దున కూడా కాసేపు. వంట చేసుకోవాలి కదా."

బొరోకాని ఎత్తుకుని కిందికి వచ్చేశాను. ట్రామ్ స్టాప్ దాకా నడిచాను. నా పిల్ల నా భుజం మీద ఉంది. నా పని అయిపోయింది. ట్రామ్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆ గదిలో ఇంకా ఐదుగురు ఉన్నారు. వాళ్ళ పేర్లు కూడా సరిగా తెలియవు, గుర్తులే తెలుసు. చెర్రీ, గంట, బాతు, ఓడ, సూర్యుడు. వాళ్ళ అమ్మలు కూడా నాలాగే దుప్పట్లు కుట్టి ఉంటారు.

ట్రామ్ వెళ్ళిపోయింది. నేను వెనక్కి వెళ్ళాను.

కింగా తలుపు వేయలేదు. నేల మీద కూర్చుని ఉంది. "లే. బెల్టులు విప్పు" అన్నాను. ఇద్దరం కలిసి ఐదుగురిని బయటికి తీశాం. నల్ల గుడ్డ నేనే పీకేశాను. బాతు నిద్రపోతూనే ఉన్నాడు, మెడ వంకరగా పెట్టుకుని. ఓడ డైపర్ నిండిపోయి ఉంది. నేను డైపర్లు మార్చాను, కింగా రొట్టెలకి వెన్న రాసింది. కింగా ఫోన్‌లోంచి అమ్మలందరికీ ఒకే సందేశం పంపాను: ఇప్పుడే రండి, పిల్లలు క్షేమం, కానీ రండి. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు వెనక గది చూపించాను. కింగా ఒక్కసారి కూడా కాదనలేదు.

చెర్రీ వాళ్ళమ్మ కింగా చెంప మీద కొట్టింది. సూర్యుడి వాళ్ళమ్మ "మా వాడు ఇక్కడ హాయిగా పడుకుంటున్నాడు, ఎందుకీ గోల? రేపు నేనెక్కడ పెట్టుకోను?" అని నా మీదే అరిచింది. గంట వాళ్ళమ్మ మాత్రం మెల్లగా నా దగ్గరికొచ్చి అడిగింది. "మీకు ఎలా తెలిసిందండీ?"

"దుప్పటి నలగలేదు."

"మాది కూడా" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఆ మడతలు చూసి ఇరవై రోజులు. సెప్టెంబర్ 27 పేజీ చింపేద్దామనుకున్నాను. "ఎంత శ్రద్ధ" అని రాసుకున్నాను అక్కడ, నా చేతి రాతతోనే. చింపలేదు. ఉండనీ.

అక్టోబర్ 18, శుక్రవారం

జోంబోర్‌కి అంతా చెప్పాను. దుప్పటి సంగతితో సహా, తేదీలతో సహా. వంటింట్లో నిలబడి విన్నాడు. "నువ్వే చూశావు కదా" అనలేదు. "నేను అసలు చూడనే లేదు" అన్నాడు. బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి, షిఫ్టు మార్చుకున్నానన్నాడు. ఇకమీద మధ్యాహ్నాలు ఇంట్లో ఉంటాడట.

అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. నేను చెప్పాను కదా అని అంటే బాగుండేది.

అక్టోబర్ 21, సోమవారం

మునిసిపాలిటీ క్రెష్‌కి వెళ్ళాను. ఎతెల్క తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళానేమో కూడా.

ఎతెల్క నన్ను చిన్న పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి కాగితం తీసింది. "గది చీకటిగా ఉండేదా? మాటలు వినపడేవా లోపలికి? ఇప్పుడు స్ట్రోలర్‌లో కూర్చుంటోందా? కుర్చీలో? ఇంట్లో నిద్ర ఎలా ఉంది? రాత్రి లేస్తోందా?" నేను చెబుతుంటే రాసుకుంది. నా గురించి ఏమీ అడగలేదు. చివర్లో నేనే అన్నాను, "నాకు ముందే తెలుసండీ. ఇరవై రోజులు తెలుసు."

పెన్ను పక్కన పెట్టింది. "వచ్చారు కదా" అంది.

"మీరు చాలా మంచివారు."

"మంచితనం కాదండీ. మీకు సిగ్గుగా ఉందని పిల్ల దగ్గర నటించారనుకోండి, దానికి తెలిసిపోతుంది. ఆ పని మాత్రం చేయకండి."

ఒక కుటుంబం ఊరు మారుతోందట, 28 నుంచి చోటు ఉంటుందట. బకెట్టు ఇంకా ఉందా అని అడిగాను.

"లేదండీ, సెప్టెంబర్‌లోనే ఒకబ్బాయి తీసుకున్నాడు. ఇప్పుడు ఉన్నది చీపురు ఒక్కటే."

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వుతున్నానో చెప్పబోతే ఏడుపు వచ్చేసింది. ఆవిడ నా పక్కన కూర్చుంది. ఊరుకోమనలేదు.

అక్టోబర్ 24, గురువారం

తనిఖీ వాళ్ళు కింగా ఇంటికి వెళ్ళారట. అప్పటికే తనే మూసేసి తాళాలు పట్టుకుని కూర్చుందట. నాకు సంతోషంగా లేదు.

అక్టోబర్ 27, ఆదివారం

బేరిపండ్లు విప్పాను. చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ. దారం వచ్చేసింది గానీ సూది రంధ్రాలు అలాగే ఉన్నాయి, వెలుగుకి పట్టి చూస్తే బేరిపండు ఆకారం కనిపిస్తుంది. దాని మీదే చీపురు కుట్టాను. పిడి నీలం, పుల్లలు పసుపు. పసుపు దారం అదే.

బొరోకా చూసి, వేలు పెట్టి, వంటింట్లోకి వెళ్ళి నిజం చీపురు ఈడ్చుకొచ్చింది. అత్తగారు పడీపడీ నవ్వారు. "నీకంటే బాగా గుర్తుపట్టింది చూడు."

నవంబర్ 4, సోమవారం

తేక్లా ఉదయాలు సెలవిచ్చింది. "మధ్యాహ్నం ఒంటిగంటకి నీ మిషను చప్పుడు నాకు వినపడాలి. లేదా కుర్చీ పోతుంది" అంది. పని లోపలికి తెచ్చుకుని గదిలో కూర్చుని కుట్టుకోవచ్చా అని ఎతెల్కని అడిగాను. "సూది లోపలికి వద్దండీ" అంది. కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు దాకా చిన్న కుర్చీలో ఖాళీ చేతులతో కూర్చుంటున్నాను. ఎవరికి ఏ గుర్తో నేర్చుకున్నాను. ఇక్కడ కూడా ఒక బాతు ఉన్నాడు, ఆగస్టులో గుక్కపెట్టి ఏడ్చిన పిల్లాడు. ఇప్పుడు గుమ్మంలోనే చెప్పులు విసిరేసి లోపలికి పరుగెడతాడు.

బొరోకా నా మోకాలు వదలడం లేదు. గురువారం నుంచీ ఏడుస్తోంది. గట్టిగా. ఎతెల్క "ఇది మంచిదే" అంది. ఆగస్టులో ఈ మాట అంటే కొట్టేదాన్ని.

నవంబర్ 13, బుధవారం

మొదటిసారి మధ్యాహ్నం నిద్రకి ఉంచాను. తేక్లాని బతిమాలి ఈ మధ్యాహ్నం సెలవు తీసుకున్నాను. నేను బయట, గేటు దగ్గర.

నోటుపుస్తకంలో ఎతెల్క రాసింది: ఈ రోజు నిద్రపోలేదు. పదకొండుసార్లు మంచం దిగింది. మొదటిసారి దిగి అందరి మొహాలూ చూసింది, ఎవరు ఆపుతారా అని. ఎవరూ ఆపలేదు. తర్వాత పదిసార్లు కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. గుమ్మడికాయ కూర తినలేదు, విసిరేసింది. బాతు చేయి కొరికింది.

ఇంత మంచి ఉత్తరం నాకు ఎవరూ రాయలేదు.

నవంబర్ 15, శుక్రవారం

తొమ్మిదిసార్లు దిగింది.

నవంబర్ 19, మంగళవారం

నాలుగుసార్లు. ఎతెల్క మంచం పక్కన నేల మీద కూర్చుంటుందట. తట్టదు, కళ్ళు మూసుకోమనదు. బొరోకా ఆవిడ జేబులో చేయి పెట్టుకుని పడుకుందట, కళ్ళు తెరుచుకునే.

ఇంట్లో బొమ్మని స్ట్రోలర్ లోంచి తీసి నేల మీద పడుకోబెట్టింది. నేను చూడనట్టు ఉన్నాను.

నవంబర్ 22, శుక్రవారం

వర్షం. తేక్లాని ఇంకో మధ్యాహ్నం సెలవడిగాను. గేటు దగ్గర జోంబోర్ కూడా ఉన్నాడు, షిఫ్టు బట్టల్లోనే, ఫ్యాక్టరీ పొగ వాసనతో. ఎతెల్క సంచి ఇస్తూ "నలభై రెండు నిమిషాలు నిద్ర" అంది. అంతే. వెళ్ళిపోయింది, లోపల ఎవరో ఏడుస్తున్నారు.

ఇంటికొచ్చి సంచి విప్పాను. దుప్పటి ఉండలా చుట్టుకుపోయి ఉంది. మధ్యలో లెక్కలేనన్ని ముడతలు, ఒక మూల కాళ్ళతో తన్ని తన్ని బిగిసిన చోటు. తల పెట్టిన దగ్గర చొంగ మరక. చీపురు పిడి మీద కోకో ఒలికింది. కింద పసుపు మచ్చ, వాసన కూడా. అడ్డంగా పడుకుంది. కుడి వైపు తిరిగింది, తర్వాత బోర్లా పడింది, మోకాళ్ళు ముడుచుకుంది. గుడ్డ మీద అంతా ఉంది.

మొహం దానిలో పెట్టుకుని ఏడ్చాను. బొరోకా వచ్చి నా కళ్ళ మీద ఉన్న చేతులు తీసేసింది, ఒకటి, తర్వాత రెండోది.

అత్తగారు చేయి చాచారు. "ఇలా ఇవ్వు, నానబెడతాను, లేకపోతే మరక ఉండిపోతుంది."

"రేపు ఉతుకుదాం, అత్తమ్మా" అన్నాను.